43 రోజుల షట్‌డౌన్: సైన్యానికి జీతం ఏ పద్దులోంచి వచ్చింది?

శ్రీధర్_ఆష్‌బర్న్
నవంబర్ 14, 2025, ఉదయం 8:10

ఆరోగ్య బీమా సబ్సిడీల గొడవతో బడ్జెట్ పాసవక అక్టోబర్ 1న మూతపడ్డ అమెరికా ప్రభుత్వం మొన్న 12వ తేదీ రాత్రి ట్రంప్ సంతకంతో తెరుచుకుంది. మొత్తం 43 రోజులు. 2018–19 నాటి 35 రోజుల రికార్డును కూడా దాటేసింది. విమానాల రద్దు గురించి, ఫుడ్ స్టాంపుల గురించి, చివరికి ఏ పార్టీది పైచేయి అయింది అన్నదాని గురించి అందరూ మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఇంకో విషయం మింగుడుపడటం లేదు.

కాంగ్రెస్ చట్టం చేసి మంజూరు చేస్తే తప్ప ఖజానాలోంచి డబ్బు తీయకూడదని వాళ్ల రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉంది. మంజూరు లేదు కాబట్టే షట్‌డౌన్. అయినా అక్టోబర్ 15న దాదాపు 13 లక్షల మంది సైనికుల ఖాతాల్లో జీతాలు పడ్డాయి. పరిశోధన, అభివృద్ధి పద్దులో ఖర్చు కాకుండా మిగిలిన దాదాపు 800 కోట్ల డాలర్లను పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) అటు మళ్లించింది. అక్టోబర్ 31న మళ్లీ పడ్డాయి. ఈసారి మూడు చోట్ల నుంచి తెచ్చారు. జూలైలో పాసైన పెద్ద బిల్లులో సైనికుల ఇంటి అద్దెల కోసం పెట్టిన దాంట్లోంచి సుమారు 250 కోట్లు, ఆయుధాల కొనుగోలు పద్దులోంచి 140 కోట్లు, పరిశోధన పద్దులోంచే ఇంకో 140 కోట్లు.

సైనికులకు జీతం అందాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. నేను అడిగేది ఇది: ఏ పద్దు డబ్బు ఏ పనికి వాడాలో తేల్చేది కాంగ్రెసా, అధ్యక్షుడా? ఈసారి ఆ గీత చెరిగిపోయిందని నా అభిప్రాయం. మీరేమంటారు?


నల్గొండ_నరేష్
నవంబర్ 14, ఉదయం 9:02

శ్రీధర్ అన్నా, అసలు పరిస్థితి అక్కడిదాకా తెచ్చింది ఎవరో కూడా రాయాలి కదా. ప్రతినిధుల సభ సెప్టెంబర్ 19నే తాత్కాలిక బడ్జెట్ పాస్ చేసింది. సెనేట్‌లో వందలో 60 ఓట్లు కావాలి, ట్రంప్ పార్టీ రిపబ్లికన్లకు ఉన్నవి 53. డెమొక్రాట్లు పదిసార్లకు పైగా అడ్డుకున్నారు. అక్టోబర్ 16న రక్షణ శాఖ ఏడాది బడ్జెట్‌ను విడిగా ముందుకు తెస్తే దానికీ 60 రానివ్వలేదు. సైనికుల జీతం మీద ఓటు వేయకుండా, జీతం ఇచ్చినవాణ్ని తప్పు పట్టడం న్యాయం కాదు.

మా ఆఫీసులో ఇద్దరు రిజర్విస్టులు (వేరే ఉద్యోగం చేస్తూ, అవసరమైనప్పుడు సైన్యం పిలిస్తే వెళ్లేవాళ్లు) ఉన్నారు. వాళ్లకు పద్దులు, సెక్షన్లు అక్కర్లేదు. పదిహేనో తారీఖు డబ్బు పడిందా లేదా, అంతే. దేశ సర్వసేనాని ఆ పని చేసి చూపించాడు.


కిల్లీన్_లక్ష్మి
నవంబర్ 14, ఉదయం 11:40

నేను ఆ పదిహేనో తారీఖు కోసం ఎదురుచూసిన ఇంట్లోంచే రాస్తున్నాను. మా వారు మావ్ని స్కీములో సైన్యంలో చేరారు. తెలియనివారికి చెబుతున్నా: గ్రీన్ కార్డు లేకపోయినా, సైన్యానికి అవసరమైన భాషలు వచ్చినవాళ్లను అప్పట్లో తీసుకునేవాళ్లు. ఆ జాబితాలో తెలుగు కూడా ఉంది. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మన పిల్లలు చాలామంది అలా యూనిఫాం వేసుకున్నారు. 2016లో ఆ దారి మూసేశారు. ఇప్పుడు మేం టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరం దగ్గర ఉంటున్నాం.

అక్టోబర్ మొదటి రెండు వారాలు మా కాలనీలో ఎక్కడ చూసినా ఇదే మాట. సైనిక కుటుంబాలకు అప్పులిచ్చే బ్యాంకులు జీతానికి సరిపడా వడ్డీ లేని అప్పు ఇస్తామన్నాయి. ఫారం తెరిచి పెట్టుకున్నాను. నింపితే జీతం రాదని ఒప్పుకున్నట్టు అనిపించి మళ్లీ మూసేశాను. పక్కింటి అమ్మాయికి ఇద్దరు పసిపిల్లలు, భర్త శిక్షణకు వేరే రాష్ట్రం వెళ్లాడు. ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ లైన్లో తనతోపాటు నేనూ నిలబడ్డాను. వాళ్లిచ్చిన అట్టపెట్టెలో డైపర్లు, పాస్తా, డబ్బా బీన్స్, వేరుసెనగ వెన్న ఉన్నాయి. డైపర్లు వాళ్ల బాబు సైజు కావు. వెనకాల నిలబడ్డ ఇంకో తల్లి తన పెట్టె విప్పి చూసి మార్చుకుంది. ముగ్గురి భర్తలూ డ్యూటీలోనే ఉన్నారు. డ్యూటీ ఏ ఒక్కరోజూ ఆగలేదు.

నరేష్ తమ్ముడూ, డబ్బు పడ్డాక ఊపిరి పీల్చుకున్న మాట నిజమే. కానీ అది ఒక్క జీతానికే. 31కి ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత నవంబర్ 15కి డబ్బు ఉండదని ట్రెజరీ కార్యదర్శి బెసెంట్ టీవీలోనే అన్నారు. ప్రతి పదిహేను రోజులకూ ఇదే టెన్షన్. అధ్యక్షుడు దయతలిస్తే జీతం, లేకపోతే లేదు అన్నట్టు ఉండకూడదు. మధ్యలో ఎవరో ధనవంతుడు సైన్యం జీతాలకని 13 కోట్ల డాలర్లు విరాళం ఇచ్చాడని చెప్పారు. 13 లక్షల మందికి పంచితే తలకు వంద డాలర్లు. ఆ వార్త చదివి మా వారు అన్నం పళ్లెం ముందు చాలాసేపు మాట్లాడలేదు. "మనం చేసేది దేశం పని. చందాలతో నడిచే పని కాదు" అన్నారు.

2013లో షట్‌డౌన్ మొదలయ్యే ముందే, సెప్టెంబర్ 30నే, సైనికుల జీతాలకు విడిగా చట్టం చేశారు. ఈసారి కూడా వర్జీనియా ప్రతినిధి జెన్ కిగ్గన్స్ అలాంటి బిల్లు సెప్టెంబర్‌లోనే పెట్టారు. ఆమె నేవీలో హెలికాప్టర్లు నడిపిన మనిషి. రెండు పార్టీల వాళ్లూ దానికి మద్దతు ఇచ్చారు. కానీ ఓటింగే జరగలేదు. ఎందుకంటే సెప్టెంబర్ 19న ఇళ్లకు వెళ్లిన ప్రతినిధుల సభ మళ్లీ ఓటు వేయడానికి కూర్చుంది నవంబర్ 12న. స్పీకర్ పిలవలేదు. డెమొక్రాట్ల గురించి రాసినప్పుడు ఇది కూడా రాయాలి.


మాస్టారు_రాజమండ్రి
నవంబర్ 14, రాత్రి 10:25 (భారత కాలమానం)

నేను గ్రూప్స్ విద్యార్థులకు పాలిటీ చెబుతాను. ఈ నెలంతా క్లాసులో ఇదే ప్రశ్న: "సార్, ఇలాంటిది మన దగ్గర ఎందుకు రాదు?" దానికి ముందు శ్రీధర్ గారు లేవనెత్తిన పద్దు విషయం చూద్దాం, అసలు కిటుకు అక్కడే ఉంది.

అమెరికా రక్షణ బడ్జెట్‌లో అన్ని పద్దులకూ ఒకే గడువు ఉండదు. సైనికుల జీతాల పద్దు, రోజువారీ నిర్వహణ పద్దు ఒక్క ఏడాదికే. అక్కడి ఆర్థిక సంవత్సరం ముగిసే సెప్టెంబర్ 30 అర్ధరాత్రి దాటితే కొత్త ఖర్చుకు పనికిరావు. పరిశోధన పద్దుకు రెండేళ్ల గడువు, కొనుగోళ్లకు మూడేళ్లు. అందుకని అక్టోబర్ 1న జీతాల పెట్టె ఖాళీగా ఉన్నా, కిందటేడు పరిశోధనకు ఇచ్చిన డబ్బు ఇంకా చెల్లుబాటులోనే ఉంది. దాని మీద చెయ్యి పడింది. కానీ ఏ పనికి మంజూరు చేసిన డబ్బు ఆ పనికే వాడాలన్న చట్టం కూడా వాళ్లకు ఎప్పటినుంచో ఉంది. జీతాలతో "సహేతుక సంబంధం" ఉన్న నిధులు వాడండి అని అధ్యక్షుడి ఆదేశంలో రాశారు. క్షిపణి పరిశోధనకూ సిపాయి జీతానికీ ఉన్న సంబంధం ఏమిటో కోర్టులో ఎవరూ అడగలేదు. సైనికుల జీతం ఆపమని కేసు వేసే ధైర్యం ఏ పార్టీకి ఉంటుంది? అందుకే ఇది సులువుగా గడిచిపోయింది.

ఇంకో సంగతి. 1980 దాకా బడ్జెట్ ఆలస్యమైతే ఆఫీసులు మూసేవాళ్లు కాదు. ఎలాగూ మంజూరవుతుందిలే అని పనులు నడిపించేవాళ్లు. ఆ ఏడాది అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి, మంజూరు లేకుండా ఖర్చు పెట్టడం చట్టవిరుద్ధమని అభిప్రాయం ఇచ్చాడు. ప్రాణరక్షణ, ఆస్తి రక్షణ లాంటి వాటికి తరువాత మినహాయింపు వచ్చింది. షట్‌డౌన్ పుట్టింది అక్కడే. ఏది అత్యవసరం, ఏది కాదు అన్నది తేల్చేది మాత్రం ప్రభుత్వమే. చర్చంతా ఈ చివరి వాక్యం దగ్గరే తిరుగుతోంది.

ఇక మన సంగతి. మన 114వ అధికరణం కూడా సంచిత నిధి నుంచి చట్టం లేకుండా డబ్బు తీయొద్దనే అంటుంది. కానీ 116వ అధికరణం కింద ఓట్ ఆన్ అకౌంట్ ఉంది, అంటే పూర్తి బడ్జెట్ పాసయ్యేదాకా ఖర్చులకు ముందస్తు అనుమతి. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు. అన్నింటికంటే ముఖ్యం, లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు. ప్రభుత్వం పడిపోయినా ఆ ఏడాది బడ్జెట్‌ను అన్ని పార్టీలూ కలిసి చర్చ లేకుండానే పాస్ చేశాయి. ప్రభుత్వం పోయింది, జీతాలు ఆగలేదు. అమెరికాలో ప్రభుత్వం పోదు, జీతాలు పోతాయి.


హారిక_ఫ్రిస్కో
నవంబర్ 14, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, ఏది అత్యవసరమో ప్రభుత్వమే తేలుస్తుందన్నారు కదా, అది మాకు బాగా అనుభవమైంది. హెచ్1బీ పిటిషన్ వేయాలంటే ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ (జీతం, పని షరతుల మీద కంపెనీ పెట్టే దరఖాస్తుకు ఆమోదం) రావాలి. అక్టోబర్ 1 నుంచి ఆ వెబ్‌సైటే ఆపేశారు. గ్రీన్ కార్డు మొదటి మెట్టు పెర్మ్ కూడా ఆగిపోయింది. ఇమ్మిగ్రేషన్ సంస్థ ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి అది తెరిచే ఉంది, కానీ దాని గుమ్మం దాకా వెళ్లే దారే మూసేశారు.

నాకు సెప్టెంబర్‌లో ఉద్యోగం పోయింది. 60 రోజుల్లో కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి. ఆఫర్ చేతిలో ఉంది, ఎల్‌సీఏ లేదు. గడువు దగ్గర పడుతోంది. అమ్మ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "తెరిచారా?" అని అడిగేది. చివరికి షట్‌డౌన్ ముగియకముందే, అక్టోబర్ 31న ఆ విభాగాన్ని మళ్లీ తెరిచారు. నా పిటిషన్ వెళ్లిపోయింది. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

నా ప్రశ్న ఏంటంటే, అక్టోబర్ 30న తెరవడానికి డబ్బు లేని ఆఫీసుకు 31న డబ్బు ఎక్కడిది? అప్పటికి కాంగ్రెస్ ఏమీ పాస్ చేయలేదు. అంటే తెరవాలనుకుంటే తెరవొచ్చన్నమాటేగా?


విశాఖ_వాసు
నవంబర్ 15, ఉదయం 6:30 (భారత కాలమానం)

నేను తూర్పు నౌకాదళంలో పనిచేసి రిటైరయ్యాను. జీతాల గురించి మీరంతా బాగా చెప్పారు. ఆ 43 రోజుల్లో ఓడలు ఎటు తిరిగాయో నేను చెబుతాను.

షట్‌డౌన్ మొదలయ్యే ముందు రోజు, సెప్టెంబర్ 30న, ప్రపంచం నలుమూలల నుంచి జనరళ్లను, అడ్మిరళ్లను వర్జీనియాలోని క్వాంటికో సైనిక స్థావరానికి పిలిపించారు. వందల మంది. దేశంలోని నగరాలనే సైన్యానికి శిక్షణా స్థలాలుగా వాడుకోవచ్చని అధ్యక్షుడు అక్కడ అన్నారు. అప్పటికే లాస్ ఏంజెలెస్‌కు, వాషింగ్టన్‌కు నేషనల్ గార్డు వెళ్లింది. సెప్టెంబర్ 2 నుంచి కరీబియన్‌లో, తర్వాత తూర్పు పసిఫిక్‌లో కూడా పడవల మీద దాడులు నడుస్తున్నాయి. డ్రగ్స్ తెస్తున్నారని అమెరికా చెబుతోంది, ఇప్పటికి 75 మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ 24న ఫోర్డ్ విమానవాహక నౌకను కరీబియన్ వైపు పంపుతున్నామని ప్రకటించారు. అది జూన్‌లో నార్‌ఫోక్ నుంచి బయల్దేరి మధ్యధరా వైపు ఉన్న ఓడ. ఈ నెల 11కి కొత్త ప్రాంతానికి చేరింది.

విమానవాహక నౌక మళ్లడం అంటే ఏమిటో ఓడ మీద పనిచేసినవాళ్లకు తెలుసు. అమెరికాకు ఇలాంటివి 11 ఉన్నాయి. కానీ ఒకటి సముద్రంలో ఉంటే, ఇంకోటి డాక్‌లో మరమ్మతులో ఉంటుంది, మరోటి సిబ్బందికి శిక్షణ ఇస్తూ ఉంటుంది. ఏ రోజు చూసినా నిజంగా మోహరించి ఉండేవి మూడో నాలుగో. అందులో ఒకదాన్ని ఒక సముద్రం నుంచి తీసి ఇంకో సముద్రంలో పెడితే పాత చోట ఖాళీ ఖాళీగానే ఉంటుంది. ఏ ప్రకటనా అక్కర్లేదు, ఓడ ఉన్నచోటే ప్రాధాన్యం. పైగా ఆ ఓడ మీద నాలుగు వేలకు పైగా మనుషులు. వాళ్లు దిశ మార్చుకున్న వారంలో, ఆ నెలాఖరు జీతం ఏ పద్దులోంచి వస్తుందో ఇంకా తేలలేదు.

అక్టోబర్ 29న రొమేనియాలో ఉన్న బ్రిగేడ్‌ను వెనక్కి పిలిచి దాని స్థానంలో ఇంకోదాన్ని పంపడం లేదన్నారు. దీన్ని తప్పుపట్టింది డెమొక్రాట్లే అనుకోకండి. సెనేట్, ప్రతినిధుల సభల సాయుధ దళాల కమిటీల అధ్యక్షులు విక్కర్, రోజర్స్ ఇద్దరూ రిపబ్లికన్లు. మాతో మాట్లాడకుండా ఈ నిర్ణయం ఏమిటని ఉమ్మడి ప్రకటన ఇచ్చారు.

మనవైపు నుంచి చూస్తే అయోమయంగా ఉంది. అమెరికా 2018 రక్షణ వ్యూహంలో ప్రధాన సవాళ్లు చైనా, రష్యా; 2022 వ్యూహంలో ప్రధాన సవాలు చైనాయే. ఇదే షట్‌డౌన్ మధ్యలో, అక్టోబర్ 31న కౌలాలంపూర్‌లో రాజ్‌నాథ్ సింగ్, అమెరికా రక్షణ శాఖ అధిపతి హెగ్సెత్ పదేళ్ల రక్షణ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఈ వారం పసిఫిక్‌లో అమెరికా దీవి గువామ్ దగ్గర భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల ఉమ్మడి మలబార్ నౌకా విన్యాసాలు నడుస్తున్నాయి, మన తూర్పు నౌకాదళం ఓడ సహ్యాద్రి అక్కడే ఉంది. కాగితం మీద పసిఫిక్, ఓడ మాత్రం కరీబియన్‌లో. దేన్ని నమ్మాలి? నేనైతే ఓడనే నమ్ముతాను.


నల్గొండ_నరేష్
నవంబర్ 14, రాత్రి 9:48

వాసు గారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ ప్రాధాన్యాలు మారడమే నేరం అన్నట్టు మాట్లాడకూడదు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో ఇరవై ఏళ్లు పోరాడి ఏం సాధించారు? ఫెంటనిల్‌తో ఏటా వేల మంది చస్తున్నారు. సొంత సరిహద్దు, సొంత పెరడు ముందు చూసుకుంటాం అన్న మాటకే జనం ఓటేశారు. యూరప్ వాళ్లు తమ రక్షణ తామే చూసుకోవాలని ఆయన ఎన్నికల ముందే చెప్పారు, దాచలేదు.

లక్ష్మి అక్కా, మీరు పడ్డ ఇబ్బందికి నాకు బాధగా ఉంది. సభ సమావేశపరచి కిగ్గన్స్ బిల్లు పాస్ చేసి ఉండాల్సింది. ఆ విషయంలో నేను మీతోనే.


శ్రీధర్_ఆష్‌బర్న్
నవంబర్ 15, ఉదయం 7:55

నరేష్, ప్రాధాన్యాలు మార్చుకునే హక్కు గెలిచినవాళ్లకు ఉంది. ఆ మార్పుకు డబ్బు ఎలా ఇస్తున్నారన్నది చూడు.

మామూలుగా రక్షణ బడ్జెట్ ఏటా రెండు పార్టీల ఒప్పందంతో రావాలి, సెనేట్‌లో 60 కావాలి కాబట్టి. మొన్న జూలై 4న సంతకమైన పెద్ద బిల్లు ఆ దారిలో రాలేదు. మామూలు మెజారిటీ చాలే రికన్సిలియేషన్ పద్ధతిలో 51తో పాసయింది. అందులో రక్షణకు సుమారు 15,000 కోట్ల డాలర్లు. గోల్డెన్ డోమ్ క్షిపణి కవచానికి దాదాపు 2,500 కోట్లు, ఓడల నిర్మాణానికి అంతకంటే ఎక్కువ. ఇమ్మిగ్రేషన్ ఏజెన్సీ ఐస్‌కు విడిగా 7,500 కోట్లు. ఈ డబ్బులో ఎక్కువ భాగం 2029 సెప్టెంబర్ దాకా చెల్లుతుంది. ఏటా వచ్చే బడ్జెట్ గొడవతో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు షట్‌డౌన్‌లో ఎవరికి జీతం వచ్చింది, ఎవరికి రాలేదు చూడు. బోర్డర్ పెట్రోల్‌కు, ఐస్ అధికారులకు ఆ బిల్లులోంచే ఇచ్చారు. కోస్ట్ గార్డుకూ అలాగే. 2019లో పాపం ఆ కోస్ట్ గార్డు వాళ్లు సుమారు 42 వేల మంది జీతం లేకుండా పనిచేశారు. అప్పట్లో మిగతా సైన్యం బడ్జెట్ పాసయింది, వాళ్లు హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ కింద ఉన్నందుకు మిగిలిపోయారు. ఈసారి అదే హోమ్‌ల్యాండ్ శాఖలో ఎయిర్‌పోర్టు తనిఖీ సిబ్బందికి రాలేదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు రాలేదు. వాళ్లు అలసిపోయి సెలవులు పెడితే 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించాల్సి వచ్చింది. ఇంకొకటి, అక్టోబర్ 20న అణ్వాయుధాల భద్రత చూసే ఎన్‌ఎన్‌ఎస్‌ఏలో దాదాపు 1,400 మందిని ఫర్లో (జీతం ఆపిన సెలవు) మీద ఇంటికి పంపారు. 2000లో ఆ సంస్థ పుట్టాక ఇదే మొదటిసారి. అణ్వాయుధాలు దేశ భద్రతలో భాగం కాదా? అక్కడ వాడుకోవడానికి పక్క పద్దు దొరకలేదో, వెతకలేదో.

హారికా, నీ ప్రశ్నకు కూడా ఇదే జవాబు. ఏ ఆఫీసు తెరవాలో, ఎవరికి జీతం ఇవ్వాలో ఒకచోట కూర్చుని ఎంచుకున్నారు. ఒప్పందం కుదిరేదాకా అన్నీ సమానంగా ఆగిపోతేనే రెండు పార్టీల మీదా ఒత్తిడి ఉంటుంది. తనకు కావలసినవి నడిపించుకుని, అవతలివాళ్లకు కావలసినవి ఆపగలిగే వీలు ఒక పక్షానికి దొరికితే ఇక మాట్లాడుకోవాల్సిన అవసరం ఏముంది? అసలు గొడవ ఆరోగ్య బీమా సబ్సిడీల మీద. 2021లో పెంచినవి ఈ డిసెంబర్ 31తో అయిపోతాయి. రెండు కోట్ల మందికి పైగా ప్రీమియంలు పెరుగుతాయి. 43 రోజుల తర్వాత కూడా అది తేలలేదు. డిసెంబర్‌లో ఓటింగ్ పెడతామన్న మాట మాత్రం దక్కింది.

మా సంగతి కూడా చెప్పాలి. నేను ఒక ఫెడరల్ ఏజెన్సీకి కాంట్రాక్టులో పనిచేస్తాను. అక్టోబర్ మొదటి వారంలోనే పని ఆపమని ఆర్డర్ వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులకు బ్యాక్ పే (ఆగిన రోజుల జీతం) గ్యారంటీ చేస్తూ 2019లోనే చట్టం ఉంది. దాన్ని కూడా ఇవ్వనక్కర్లేదని ఈసారి వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు వాదించింది, చివరి ఒప్పందంలో మళ్లీ రాయించుకోవాల్సి వచ్చింది. కాంట్రాక్టర్లకు ఆ చట్టం వర్తించదు. వర్జీనియాలో హెర్న్‌డన్, చాంటిలీ, ఆష్‌బర్న్ వైపు ఉన్న మన తెలుగువాళ్లలో ఎంతోమందికి ఈ జీతం ఇక రాదు. నవంబర్ 4న వర్జీనియాలో డెమొక్రాట్లు ఊడ్చేశారంటే ఈ కోపం కూడా ఒక కారణం. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది ఆ ఎన్నికల్లోనే. షట్‌డౌన్ తమ పార్టీని దెబ్బతీసిందని ట్రంప్ కూడా మర్నాడు ఒప్పుకున్నారు.


మాస్టారు_రాజమండ్రి
నవంబర్ 15, రాత్రి 9:10 (భారత కాలమానం)

శ్రీధర్ గారి వాదనకు పాత ఉదాహరణ ఒకటి జోడిస్తాను. 2018–19 షట్‌డౌన్ మెక్సికో సరిహద్దు గోడ కోసం వచ్చింది. ట్రంప్ 570 కోట్ల డాలర్లు అడిగారు, కాంగ్రెస్ ఇవ్వలేదు. 35 రోజుల తర్వాత ప్రభుత్వం తెరుచుకుంది. వెంటనే 2019 ఫిబ్రవరిలో ఆయన జాతీయ అత్యవసర స్థితి ప్రకటించి, సైనిక నిర్మాణాల పద్దులోంచి 360 కోట్ల డాలర్లు గోడకు మళ్లించారు. దాని కోసం స్థావరాల్లో కట్టాల్సిన 127 పనులు వాయిదా పడ్డాయి. అప్పుడు సైన్యం పద్దును వేరే పనికి వాడారు, ఇప్పుడు సైన్యంలోనే రేపటి ఆయుధం డబ్బు ఈరోజు జీతానికి వాడారు. విత్తనాల గింజలు వండుకుని తినడం లాంటిదిది. ఒక పూట గడుస్తుంది, అంతే.

పరిశోధన పద్దుకు ఇంకో దెబ్బ కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తాత్కాలిక బడ్జెట్ మీద నడిచేటప్పుడు మామూలుగా పెంటగాన్ కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టకూడదు, ఉన్న ఆయుధాల ఉత్పత్తి వేగం పెంచకూడదు. 2025 ఆర్థిక సంవత్సరమంతా రక్షణ శాఖ తాత్కాలిక బడ్జెట్ పద్ధతి మీదే నడిచింది, మొదటిసారిగా. ఇప్పుడు మళ్లీ అదే. 51 ఓట్ల దారిలో ఇచ్చిన గోల్డెన్ డోమ్ లాంటివి మాత్రం ఆగవు. ప్రాధాన్యాలు చర్చ లేకుండానే మారిపోతున్నాయన్నది అందుకే.

యుద్ధాధికారం సంగతి కూడా చూడండి. వెనెజువెలా మీద కాంగ్రెస్ అనుమతి లేకుండా సైనిక చర్య వద్దన్న తీర్మానం నవంబర్ 6న సెనేట్‌లో 49–51తో వీగిపోయింది. ఖజానా తాళం, యుద్ధం తాళం రెండూ కాంగ్రెస్ చేతిలో పెట్టిన రాజ్యాంగం అది. సైన్యానికి రెండేళ్లకు మించి డబ్బు మంజూరు చేయకూడదని కూడా అందులోనే రాశారు, ఏ రాజూ సైన్యాన్ని తన సొంతం చేసుకోకూడదని. ఈసారి రెండు తాళాలూ కాంగ్రెసే అప్పగించింది.


నల్గొండ_నరేష్
నవంబర్ 15, మధ్యాహ్నం 12:20

మాస్టారూ, గోడ విషయం ఒప్పుకోను, సరిహద్దు కూడా రక్షణే. కానీ మీరు చెప్పిన దాంట్లో ఒకటి నన్ను ఆలోచింపజేస్తోంది. రేపు డెమొక్రాట్ అధ్యక్షుడు వచ్చి ఇదే పద్ధతిలో క్షిపణుల డబ్బు తీసి తనకు నచ్చిన చోట పెడితే నేను ఊరుకోను. అప్పుడు తప్పయితే ఇప్పుడూ తప్పే అవ్వాలి.

జనవరిలో మళ్లీ మూస్తారా? అది ఎవరైనా చెప్పండి.


విశాఖ_వాసు
నవంబర్ 16, ఉదయం 5:50 (భారత కాలమానం)

ఆ మాట అన్నందుకు సంతోషం నరేష్. మొన్నటి ఒప్పందంలో పూర్తి ఏడాదికి పాసైనవి మూడే బిల్లులు: వ్యవసాయం, కాంగ్రెస్ సొంత ఖర్చులు, సైనిక నిర్మాణాలు–మాజీ సైనికుల సంక్షేమం కలిపిన బిల్లు. అంటే మాజీ సైనికుడికి భరోసా ఉంది, బ్యారక్ కట్టడానికి డబ్బు ఉంది. అసలు రక్షణ బిల్లు అందులో లేదు. దానికి జనవరి 30 దాకా తాత్కాలిక బడ్జెట్ మాత్రమే, కాబట్టి డ్యూటీలో ఉన్నవాడి జీతం అప్పటివరకే. మొన్నటి షట్‌డౌన్‌లో ఆఖరున రిపబ్లికన్లతో కలిసి ఓటేసిన డెమొక్రాట్ల వైపు ఎనిమిది మంది సెనేటర్లు మళ్లీ వేస్తారా అన్నది డిసెంబర్‌లో బీమా ఓటింగ్ ఎలా జరుగుతుందో దాని మీద ఆధారపడి ఉంటుంది.


కిల్లీన్_లక్ష్మి
నవంబర్ 15, రాత్రి 8:35

వాసు గారు చెప్పిన తేదీ మా ఫ్రిజ్ మీద రాసి పెట్టుకున్నాం. అక్టోబర్‌లో వాడేసిన పరిశోధన డబ్బు మళ్లీ దొరకదు, ఇళ్ల పద్దులో తీసిన 250 కోట్లూ వెనక్కి రావు. అద్దెలు పెరిగాయని ఆ డబ్బు మా లాంటి కుటుంబాల కోసం పెట్టిందే కదా, మా డబ్బే మాకు జీతంగా ఇచ్చారు.

మా స్పౌజ్ గ్రూపులో ఈ వారం నుంచి అందరం మా మా ప్రతినిధుల ఆఫీసులకు ఫోన్ చేస్తున్నాం. అడిగేది ఒక్కటే: కిగ్గన్స్ పెట్టినలాంటి జీతాల బిల్లును జనవరి 30కి ముందే విడిగా ఓటుకు పెట్టండి, అందులో కోస్ట్ గార్డునూ, సైన్యానికి సేవలందించే కాంట్రాక్టర్లనూ చేర్చండి. 2013 చట్టంలో ఆ రెండూ ఉన్నాయి. ఇక్కడ ఓటు హక్కు ఉన్న తెలుగువాళ్లు మీ జిల్లా ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయండి. నంబరు మీ ప్రతినిధి వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఫోన్ ఎత్తినవాళ్లు మీ జిప్ కోడ్ అడిగి, బిల్లుకు అనుకూలమా వ్యతిరేకమా అని రాసుకుంటారు, రెండు నిమిషాల పని. నరేష్ తమ్ముడూ, మీ ప్రతినిధి రిపబ్లికన్ అయితే మీ ఫోన్‌కు నా ఫోన్ కంటే ఎక్కువ విలువ. ఎల్లుండి సోమవారం కాబట్టి ఉదయం తొమ్మిదికల్లా ఆఫీసు తెరుస్తారు.


నల్గొండ_నరేష్
నవంబర్ 16, ఉదయం 10:05

సోమవారం అంటే రేపే కదా అక్కా. ఉదయం ఆఫీసుకు వెళ్లే దారిలో చేస్తాను. మా రిజర్విస్టులిద్దరితో కూడా చేయిస్తాను.